రిపన్ గుమ్మానికి ఒక దండం

ఇంగ్లండ్ యార్క్‌షైర్‌లో రిపన్ ఊళ్లో నిరుపేదలను పెట్టి పని చేయించిన వర్క్‌హౌస్‌కు ముందు నిలిచిన గేట్‌హౌస్ తల్లీ, నీకు దండం! 1850లలో ఇటుక మీద ఇటుక పేర్చి కట్టిన నీ గోడలు నేటికీ నిటారుగా ఉన్నాయి. మేస్త్రీల పనితనం గొప్పది. కట్టించిన పెద్దల ముందుచూపు అంతకన్నా గొప్పది. లోపలి ఆకలి రోడ్డున పోయేవాళ్ల కంట పడకుండా నిన్ను ఎంతో ముద్దుగా అడ్డం నిలిపారు.

మాట తప్పని తల్లివి నువ్వు. లోపలి బతుకు బయటి కూలివాడి బతుకుకన్నా హీనంగా ఉండాలన్నది 1834 పేదల చట్టం పట్టుదల. దాన్ని అక్షరాలా నిలబెట్టావు. గుమ్మం దాటగానే భర్త ఒకవైపు, భార్య ఒకవైపు, పిల్లలు మరోవైపు. చావు తప్ప ఏదీ విడదీయరాదని చర్చిలో ఒట్టేసుకున్న జంటకు నీ రిజిస్టరులో ఒక్క గీత చాలింది.

అతిథి మర్యాద నీ దగ్గరే నేర్చుకోవాలి. పొద్దుగూకాక వచ్చిన బాటసారి జేబులు వెతికించి, స్నానం చేయించి, బట్టలు తీసుకుని గదిలో పెట్టి తాళం వేయించేదానివి. ఒక్క రాత్రితో పంపడం మర్యాద కాదని 1882 చట్టం రెండు రాత్రులు ఉండమంది. నడుమ పగలంతా పని. తారు పట్టిన పాత ఓడతాళ్లు ముందు పడేస్తే, పురి విప్పి పీచు పీచుగా లాగాలి. తాడు రాయిలా బిగిసి ఉండేది. గోళ్ల కింద తారు, వేళ్లకు నెత్తురు. ఆ పీచు ఓడ పలకల సందుల్లో కూరితే చుక్క నీరు లోపలికి రాదు. ఓడ మీద అంత శ్రద్ధ!

ఆ దయ సముద్రం దాటి మా వైపుకూ వచ్చింది. 1877 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌండు గింజలు, ఒక అణా చాలన్నాడు ఆంగ్లేయ అధికారి రిచర్డ్ టెంపుల్. కడప, కర్నూలు ప్రాంతాల్లో ఎముకల గూళ్లయిన మనుషులు ఆ లెక్కకే రాళ్లు మోశారు.

ఇప్పుడు నువ్వు మ్యూజియానివి. నిన్ను కూల్చకపోవడం చాలా మంచిదయింది. కూల్చి ఉంటే, ఇక్కడొక ధర్మసత్రం ఉండేదని ఎవరు చెప్పినా నమ్మేసేవాళ్లం. నిన్ను చూడవచ్చినవాళ్లు ఆర్చి ముందు ఫోటో దిగి వెళ్లిపోకూడదు. బాటసారుల గదిలోకి వెళ్లి, తలుపు మూయించుకుని కాసేపు కూర్చోవాలి. ఆ తరవాత నీ అందం గురించి మాట్లాడాలి.