సెట్టింగుల సిద్ధాంతి

సర్వరు నెమ్మదించిందని కబురొస్తే మామూలు అడ్మిన్ ముందు లాగులు చూస్తాడు. సెట్టింగుల సిద్ధాంతి నేరుగా కెర్నల్ సెట్టింగులుండే సిస్‌సీటీఎల్ ఫైలు తెరుస్తాడు. అందులో అతికించడానికి ఇతని దగ్గర చాంతాడంత చిట్టా ఒకటి ఎప్పుడూ సిద్ధం. పాత కంపెనీలో సీనియర్ ఎవరో ఇచ్చిందది. ఆ సీనియర్‌కి ఇంకో సీనియర్ ఇచ్చాడు. ఉద్యోగం మారినా, లినక్స్ కెర్నల్ మారినా చిట్టా మారదు. ఏ లైను దేనికని అడగడం అపచారం. అడిగినా అన్నిటికీ ఒకటే జవాబు: "పెర్ఫార్మెన్స్ కోసం సార్."

చిట్టాలో చాలా లైన్లు ఎవరికీ హాని చేయవు, మేలూ చేయవు. కనెక్షన్ల క్యూ పొడవుకు పరిమితి పెట్టే సోమాక్స్‌కాన్‌ను 65535కి పెంచుతాడు. ప్రోగ్రాము తన క్యూకి 128 చాలని అడిగి ఉంటే ఆ రెంటిలో చిన్నదే చెల్లుతుందన్న సంగతి ఇతని దాకా రాలేదు.

ఇతనికి బొత్తిగా గిట్టనిది టైమ్ వెయిట్. టీసీపీ కనెక్షన్ ముగిశాక, ముందుగా ముగించిన వైపు దాని ఆనవాలును లినక్స్ 60 సెకన్లు అట్టిపెడుతుంది. దారిలో చిక్కుకుని ఆలస్యంగా వచ్చిన పాత ప్యాకెట్టు కొత్త కనెక్షన్‌లో దూరకూడదని ఆ జాగ్రత్త. రద్దీ సర్వర్లో ఇవి వేలల్లో ఉండటం సహజం, తినే మెమరీ కూడా స్వల్పమే. సిద్ధాంతి మాత్రం నెట్‌స్టాట్‌లో ఆ సంఖ్య చూసి గుండె చేత్తో పట్టుకుంటాడు. వెంటనే ఫిన్ టైమ్‌అవుట్‌ను 15కి దించుతాడు. అది ఫిన్ వెయిట్ 2 అనే వేరే దశకు సంబంధించిన గడువు. టైమ్ వెయిట్ గడువు కెర్నల్ సోర్సులోనే రాసి ఉంది, బయటినుంచి మారదు. అయినా కాసేపటికి "చూశారా, తగ్గాయి!" అంటాడు. తగ్గిన మాట నిజమే. అది భోజనాల వేళ.

అసలు ముప్పు పాత కెర్నళ్లున్న సర్వర్లలో, టీడబ్ల్యూ రీసైకిల్ అనే లైనుతో వస్తుంది. అది 1 అయితే, ఒక ఐపీ అడ్రసు నుంచి చివరగా వచ్చిన టైమ్‌స్టాంపును సర్వరు ఓ నిమిషం గుర్తుంచుకుంటుంది. ఆలోగా అదే అడ్రసు నుంచి అంతకంటే చిన్న టైమ్‌స్టాంపుతో కొత్త కనెక్షన్ కోరే సిన్ ప్యాకెట్ వస్తే, పాత సరుకని పారేస్తుంది. కాదని చెప్పదు, అసలు పలకదు. ఒక అడ్రసుకు ఒకే యంత్రమైతే లెక్క సరిపోయేదే. నాట్ వెనక మాత్రం హాస్టలంతటికీ ఒకటే అడ్రసు. పైగా ఆ కెర్నళ్ల కాలపు ఫోన్లలో ఈ టైమ్‌స్టాంపు సాధారణంగా ఆన్ చేసిన క్షణం నుంచి పెరుగుతూ పోయేది. కాబట్టి అమీర్‌పేట హాస్టల్లో నెలల తరబడి ఫోన్ ఆపని కుర్రాడికి సైటు తెరుచుకుంటుంది, పొద్దున్నే రీస్టార్ట్ చేసిన పక్క మంచం వాడికి తెరుచుకోదు. ఫిర్యాదు చేస్తే హెల్ప్‌డెస్క్ ఇచ్చే సలహా ఏమిటి? ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయమని.

సిద్ధాంతి తన ఇంటి నుంచి పరీక్షిస్తాడు. ఇంట్లో ఉన్నది ఒక్క లాప్‌టాప్, సైటు టకీమని వస్తుంది. "మన వైపు అంతా ఓకే సార్." పారేసిన ప్యాకెట్టు ప్రోగ్రాము దాకా రానేలేదు కనుక దాని లాగుల్లోనూ ఏమీ ఉండదు. తప్పు డెవలపర్ మీద పడుతుంది. అతను టైమ్‌అవుట్లు పెంచి, మళ్లీ మళ్లీ ప్రయత్నించే కోడ్ రాసి, కనెక్షన్ పూల్ మొత్తం తిరగరాస్తాడు. ఇంతకీ టైమ్‌స్టాంపు కారణంగా నిరాకరించిన కనెక్షన్లెన్నో నెట్‌స్టాట్ -ఎస్ చూపిస్తూనే ఉంటుంది. సిద్ధాంతి రోజూ నెట్‌స్టాట్ కొడతాడు, ఆ లైను వైపు చూడడు.

2017లో వచ్చిన లినక్స్ 4.10, టైమ్‌స్టాంపులను కనెక్షన్‌కో తీరుగా మార్చేసింది. దాంతో టీడబ్ల్యూ రీసైకిల్ నాట్ లేని చోట కూడా పనికిరాకుండా పోయి, అదే ఏడాది 4.12లో పూర్తిగా తొలగిపోయింది. కొత్త సర్వర్లో చిట్టా ఎక్కిస్తే ఆ లైను దగ్గర అలాంటి ఫైలే లేదని ఎర్రర్ వస్తుంది. సిద్ధాంతి లైను తీయడు. తెలియని పేర్లకు ఎర్రర్ చూపకుండా దాటేసే -ఇ ఆప్షన్ ఒకటి ఉంది. దాన్ని కమాండుకు చేర్చి, చిట్టాను కొత్తగా చేరిన జూనియర్‌కి మెయిల్ చేస్తాడు.