సుగ్గి బండి

డిసెంబరు వచ్చిందంటే పత్తికొండ, ఆలూరు, కోసిగి పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి పండినా అప్పుకే చాలదు. టమాటా సంగతి సరేసరి. పత్తికొండ మార్కెట్లో కిలో రూపాయికి పడిపోయి, రైతులు రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లున్నాయి. ఇక మిగిలేది సుగ్గి, అంటే గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతకు వలస. అక్కడ కోతకూలి కిలోల లెక్క. అందుకే బడికి పోవాల్సిన చేతులు కూడా చేలో పడతాయి.

ఆ రాత్రి పత్తికొండ దాటాక ఒక ఐచర్ బండిని ఆపారు. బడి ఈడు పిల్లలను దించి వెనక్కి తీసుకుపోవడానికి వచ్చిన బృందం అది. బండి నిండా బియ్యం మూటలు, బిందెలు, గుడిసె మీద కప్పే పరదాలు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. వాటి సందుల్లో మనుషులు. టార్చిలైటు పట్టుకుని ఎక్కిన ఉపాధ్యాయుడు, తలనిండా కొంగు కప్పుకుని అంచున కూర్చున్న కోడలిని "కాస్త జరుగమ్మా" అని, ఆమె వెనక దుప్పట్లో దాక్కున్న పన్నెండేళ్ల పిల్లను బయటికి పిలిచాడు.

తల్లి పిల్ల చెయ్యి వదల్లేదు.

ఆయన కోప్పడలేదు. చలిలో ఇల్లు వదిలి ఇలాంటి పనికి వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు? విద్యాహక్కు చట్టం గురించి, వలసపోయినవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్ గురించి, అక్కడ పెట్టే అన్నం గురించి ఓపిగ్గా చెప్పాడు.

"వారంలో తెరుస్తారమ్మా. అంతవరకూ చుట్టాలింట్లో ఉంచిపో."

"పోయినేడు ఇదే తావున మా పెద్దదాన్ని దించుకుంటిరి సార్" అంది తల్లి. "అప్పుడూ మీరే వస్తిరి. ఎనిమిదో తరగతి చదివేది. వారంలో తెరుస్తామంటిరి. మీ మాట నమ్మి దాన్ని మా ఆడబిడ్డ ఇంట్లో పెట్టి పోతిమి. హాస్టలు శివరాత్రికి గాని తెరవలేదు. వయసుకొచ్చిన పిల్లను మేమెన్నాళ్లు కాచేదని, మాఘంలో వాళ్ల పిల్లోనికే ఇచ్చి చేసిరి. మిరపచేలో నుంచి వచ్చి అక్షింతలేసి, మళ్లా ఆ రాత్రే బండెక్కితిమి."

ఆయన నోట మాట రాలేదు. కాసేపటికి, "ఇప్పుడెక్కడుంది?" అన్నాడు.

"ఈడనే సార్. ఇందాక మీరు జరుగమ్మా అంటిరే, అదే. ఐదో నెల. కోతకే పోతాంది."

బృందానికి అప్పజెప్పింది 14 ఏళ్ల వరకు ఉన్న పిల్లలను దించడం. ఆ పిల్లకు 15.