నేను చూపించలేని పొర

నేను పుట్టింది అంబాలాలో. సైన్సు సామాన్లకు పేరుపడ్డ ఊరు. ఇనుము, ఇత్తడి, గాజు తప్ప నా పుట్టుకలో చెప్పుకోదగ్గ విశేషం లేదు. గడ్డి కుక్కిన చెక్కపెట్టెలో వచ్చి ఒక జూనియర్ కాలేజీ బోటనీ ల్యాబులో దిగాను.

నా అక్షికటకం 10 రెట్లు, పెద్ద వస్తుకటకం 45 రెట్లు. హెచ్చవేస్తే 450. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కలో గదులు చూశాడని ఏటా పాఠం చెప్తారు. పెద్దాయన, కాదనను. కానీ ఆయన చూసినవి చచ్చిన కణాల ఉత్త గోడలు. నేను బతికున్న కణాన్ని, అదీ పని చేస్తుండగా చూపించాను!

రియో ఆకు అడుగువైపు ఊదారంగులో ఉంటుంది. అక్కడి పొర గీరి, స్లయిడు మీద నీటిచుక్కలో పరుస్తారు. కణాల నిండా ఊదారంగు. కవర్‌స్లిప్‌కు ఒక పక్క ఉప్పునీటి బొట్టు వేసి, రెండో పక్క బ్లాటింగ్ పేపర్ ఆనిస్తే ఉప్పునీరు లోపలికి పాకుతుంది. కాసేపటికి ఆ ఊదారంగు కణకవచాన్ని వదిలి, ముడుచుకుంటూ మధ్యకు చేరుతుంది. బయట ఉప్పు ఎక్కువైంది కాబట్టి లోపలి నీరు అటు వెళ్లిపోయింది. ఆవకాయ జాడీలో ఊట చేరడంలోనూ ఉన్నది ఈ ద్రవాభిసరణే. ఆలస్యం చేయకుండా మంచినీళ్లు పోస్తే కణం మళ్లీ నిండుతుంది. అదే ఆకును ముందు మరిగే నీళ్లలో ముంచితే ఈ ఆట సాగదు. త్వచం చెడి రంగు బయటికి కారిపోతుంది. కాపలా కాసేది ఆ త్వచమే.

ఆ త్వచాన్ని నేనెప్పుడూ చూపించలేదు. దాని మందం ఏడెనిమిది నానోమీటర్లు. 200 నానోమీటర్లకన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు నాకు ఒక్కటిగానే కనబడతాయి. మామూలు వెలుతురుతో బతికేవాణ్ణి, అంతకు మించి నా వల్ల కాదు. రంగు ఉండేది రిక్తికలో. దాని చుట్టూ పల్చని కణద్రవ్యం, ఆపైన త్వచం. నేను చూపేది రంగు ఆగిన అంచును మాత్రమే. 1925లో గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల కొవ్వును నీటి మీద పరిచి కొలిచి, త్వచంలో అది రెండు వరసలుగా ఉంటుందన్నారు. వాళ్లు కూడా చూసి చెప్పలేదు, లెక్కగట్టి చెప్పారు.

మరి మా పిల్లల రికార్డుల్లోనో? త్వచానికి స్కేలు పెట్టినట్టు జంటగీతలు! నాలోకి తొంగి చూడకముందే, గైడు చూసి వేసిన బొమ్మలు. ఒక పరీక్షలో ఒకమ్మాయి మాత్రం ఆ గీతలు వేయలేదు.

"కణత్వచం ఏదమ్మా?"

"కనపళ్లేదు సార్. రంగు ఇక్కడిదాకే ఉంది."

మార్కు కోసేశారు. ఆ రోజు నాకు నోరుంటే బావుండుననిపించింది.

ఇక నా ఒంటి సంగతి. కటకాన్ని కిందికి దించేటప్పుడు పక్కనుంచి చూడాలి. పిల్లలు కన్ను అక్షికటకానికి ఆనించి పెద్ద మర తిప్పేస్తారు. కవర్‌స్లిప్ పటుక్కుమంటుంది, నా ముఖాన గీత పడుతుంది. ఉప్పునీళ్ల ప్రాక్టికల్ అయ్యాక ఎవరూ తుడవరు. ఏ ఉప్పు వల్ల నాకు పేరొచ్చిందో ఆ ఉప్పే నా స్టేజీని తినేసింది. తుడిచినవాళ్లు చున్నీ కొంగుతోనో, జేబురుమాలుతోనో తుడిచారు. ఆ దుమ్ము కటకాన్ని గీకేసింది. అద్దం పగిలితే మరొకటి రాలేదు. వానాకాలాలు బీరువాలో గడిచాయి. సిలికాజెల్ పొట్లం ఒక్కటి పక్కన పెట్టినా పోయేది. పెట్టలేదు. ఇప్పుడు నా కటకంలో సాలెగూడులా బూజు అల్లుకుంది. జీవశాస్త్రం దృష్టిలో అదీ కణాల సముదాయమే, నా లోపలే పెరుగుతోంది. దాన్ని చూడాలంటే ఇంకో మైక్రోస్కోప్ కావాలి.

ఇప్పుడు ప్రాక్టికల్ అంటే తెర మీద వీడియో. ఊదారంగు చక్కగా ముడుచుకుంటుంది, ఎవరి చేతికీ తడి అంటదు. చివర్లో జంటగీతల బొమ్మ, బాణం గుర్తుతో సహా.

స్టాకు రిజిస్టరులో మాత్రం నా పేరు కొట్టేయలేదు. తనిఖీకి వస్తున్నారంటే అటెండరు నన్ను బీరువాలోంచి తీసి, పైపైన దులిపి బల్ల మీద పెడతాడు. వచ్చినాయన లెక్క చూసుకుని, నా ఎదురుగా "పనిచేయుచున్నది" అని టిక్కు పెట్టి వెళ్తాడు. కన్ను ఆనించడు.