పొర తీయని వాచీ

2022 ఫిబ్రవరిలో 4,80,000 రూపాయలు పెట్టి ఒక స్విస్ వాచీ కొన్నాను. ఇంట్లో 1,80,000 అని చెప్పాను. కొనడం పెద్ద తప్పా, అబద్ధం చెప్పడం పెద్ద తప్పా అన్నది తేల్చుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

వాచీలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. నాన్న పొద్దున్నే తన హెచ్ఎంటీకి కీ ఇచ్చేవారు. ఆయన స్నానానికి వెళ్లగానే దాన్ని చెవికి ఆనించుకుని వింటూ కూర్చునేవాణ్ణి. నలభై ఆరేళ్లు వచ్చి, చేతిలో కాస్త డబ్బు ఆడుతున్నప్పుడు ఒక మంచి వాచీ కట్టుకోవాలనిపించడం తప్పేమీ కాదు. కానీ ఇంటి లోను, పిల్ల చదువు ఉన్న మనిషిని. ‘నాకు ఇష్టం, కొనుక్కుంటాను’ అనడానికి నోరు రాలేదు. అందుకని ఆ ఇష్టానికి పెట్టుబడి అని పేరు పెట్టాను.

నాలుగు నెలలు కూర్చుని ఎక్సెల్ షీటు నింపాను. ధరకు కొన్ని మార్కులు, ఫీచర్లకు కొన్ని, తిరిగి అమ్మితే వచ్చే సొమ్ముకు కొన్ని. 1969లో చంద్రుడి మీదికి వెళ్లిన ఒమేగా స్పీడ్‌మాస్టర్ అందులో ఉంది. 300 మీటర్ల లోతు నీటిని తట్టుకునే రోలెక్స్ సబ్‌మెరీనర్ ఉంది. 15,000 గాస్ అయస్కాంత శక్తికి కూడా చలించని యంత్రాలున్నాయి. క్రోనోమీటర్ సర్టిఫికెట్ పొందిన స్విస్ యంత్రం సగటున రోజుకు 4 సెకన్లకు మించి వెనకబడకూడదు, 6 సెకన్లకు మించి ముందుకు పోకూడదు. బ్యాటరీ వాచీలోని క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది కాబట్టి దాని తేడా మామూలుగా నెలకు పదిహేను సెకన్ల లోపే. టైము చూసుకోవడానికే అయితే రెండు వేల వాచీ చాలని నా షీటే నాకు చెబుతోంది. నేను వినలేదు. ఈ ఫీచర్లలో నా బతుక్కి పనికొచ్చేవి ఎన్ని అని అడగడానికి ఒక్క గడి కూడా పెట్టుకోలేదు.

అసలు మోసపోయింది రీసేల్ లెక్క దగ్గర. మోసం చేసింది నేనే.

రోలెక్స్ డేటోనా, సబ్‌మెరీనర్, పటెక్ ఫిలిప్ నాటిలస్ లాంటి స్టీలు మోడళ్లు అప్పట్లో షోరూముకు వెళ్తే దొరికేవి కావు. పేరు రాయించుకుని ఎదురు చూడాలి. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో కొత్తదాని ధర కన్నా ఎక్కువ పలికేవి. ఆ కొద్ది మోడళ్ల గుణాన్ని స్విస్ వాచీలన్నిటికీ అంటగట్టాను. నేను కొన్నదాన్ని, అడిగిన ఐదు నిమిషాల్లో అద్దాల బీరువాలోంచి తీసి చేతిలో పెట్టారు. అడగ్గానే షోరూములో దొరికే వస్తువును రేపు నా దగ్గర ఎక్కువిచ్చి ఎవరు కొంటారు? ఆ ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు.

రెండో పొరపాటు, అమ్మేవాళ్లు అడిగే ధరలు రాసుకున్నాను గానీ బేరం ఎంతకు తెగిందో కనుక్కోలేదు. మూడోది, కంపెనీ కొత్త వాచీ ధర పెంచినప్పుడల్లా నా వాచీ విలువ పెరిగిందని మురిసిపోయాను. నిజానికి 2022 మొదట్లో ఆకాశానికెక్కిన సెకండ్‌హ్యాండ్ ధరలు ఆ ఏడాదే జారడం మొదలుపెట్టాయి. నేను కొన్నది సరిగ్గా ఆ శిఖరం మీద.

పెట్టుబడి కాబట్టి గీత పడకూడదు. వెనక మూత మీద, గొలుసు కొక్కెం మీద ఉన్న సన్నటి ప్లాస్టిక్ పొరలు కూడా తీయలేదు. పెట్టె, వారంటీ కార్డు, బిల్లు అన్నీ బీరువాలో పెట్టాను. పూర్తిగా కీ ఇస్తే 70 గంటలు నడిచే యంత్రం అది. ఎప్పుడైనా ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి, కీ ఇచ్చి, సెకన్ల ముల్లు జారిపోతుంటే కాసేపు చూసి మళ్లీ పెట్టేసేవాణ్ణి. మూడు రోజులకు అది చీకట్లో ఆగిపోయేది.

2025లో అమ్మాయి కాలేజీకి ఒక్కసారిగా మూడు లక్షలు కావలసి వచ్చింది. వాచీ బయటికి తీశాను. మూడు వారాలు నలుగురు వ్యాపారుల చుట్టూ తిరిగాను. చివరి ఆయన నా ఎదురుగానే దాన్ని చిన్న మైకున్న పరికరం మీద పెట్టి చప్పుడు వినిపించాడు. తెర మీద చుక్కల గీత కిందికి వాలింది. ‘వాడకుండా ఉంచేశారు సార్. లోపల నూనె చిక్కబడినట్టుంది, సర్వీసు చేయించాలి’ అన్నాడు. ఆ ఖర్చు తీసేశాడు, తన లాభం తీసేశాడు. 2,65,000 అన్నాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఎన్నిసార్లు అన్నానో జీవితంలో. అర్థమైంది ఆ కౌంటరు దగ్గరే. ఆయన పొరలు లాగి పారేశాడు. నా వాచీ వెనక మూతను నేను సరిగ్గా చూడడం అదే మొదటిసారి.

ఈలోగా ఫీజు గడువు దాటకుండా కాపాడింది మా ఆవిడ గాజులు. పొద్దున బ్యాంకుకి తీసుకెళ్తే మధ్యాహ్నానికి మూడు లక్షలు చేతికొచ్చాయి. వాచీ డబ్బుకు నా జీతంలోంచి మిగతాదీ వడ్డీ కలిపి, వాటిని విడిపించి ఆమె చేతిలో పెట్టాను. ఆ రాత్రే అసలు ధర చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘ఒక్కరోజైనా కట్టుకుని తిరగాల్సింది కదండీ’ అంది. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

డబ్బు నష్టం 2,15,000. అంతకన్నా పెద్ద నష్టం, ప్రాణంగా కోరుకున్న వస్తువు మూడేళ్లు నా ఇంట్లో ఉన్నా అది నా చేతి మీద ఒక్క పూటైనా లేకపోవడం. ఇష్టమని ఒప్పుకుని ఉంటే ఇంట్లో అడిగేవాణ్ణి, స్తోమతకు తగినది కొనేవాణ్ణి, రోజూ కట్టుకునేవాణ్ణి.

ఖరీదైన వాచీ కొనాలని ఉంటే తప్పకుండా పోల్చి చూడండి. అడిగే ధర కాదు, అమ్ముడైన ధర చూడండి. కొన్నేళ్లకోసారి వచ్చే సర్వీసు ఖర్చు కలుపుకోండి. ఆ డబ్బు తిరిగి రాదనుకుంటే కూడా కొంటారా అని మిమ్మల్ని మీరు అడగండి. అవునంటే ఇంట్లో అసలు ధర చెప్పి కొనండి. ఇంటికి రాగానే ఆ పొర తీసేసి చేతికి కట్టుకోండి.