ఈ రాత్రి 11:59కి ముగిసే విద్య

49,999 రూపాయలు అని వేసి, దాని మీద అడ్డంగా ఎర్రగీత కొట్టి, పక్కన 499 అని రాసిన చోట ఇప్పుడు మన పిల్లలకు అక్షరాభ్యాసం జరుగుతోంది. ఆ కిందే ఒక గడియారం వెనక్కి నడుస్తుంటుంది. ఈ రాత్రి 11:59కి ఆఫర్ అయిపోతుందట. కంగారుపడి కట్టినవాడు కడతాడు. కట్టనివాడు పొద్దున్నే లేచి చూస్తే అదే ధర, అదే గీత, గడియారం మళ్లీ మొదటికొచ్చి ఉంటుంది. ఎర్రగీత పడ్డ ధర పెట్టి ఆ కోర్సు కొన్న మనిషి ఎక్కడైనా దొరికితే ట్యాంక్‌బండ్ మీద విగ్రహం పెట్టించాల్సిందే.

ఇలా దొంగ తొందర పెట్టకూడదని కేంద్రం 2023 నవంబర్ 30న మార్గదర్శకాలు తెచ్చింది. ఆన్‌లైన్‌లో కొనేవాణ్ణి బోల్తా కొట్టించే పద్ధతులు 13 అని తేల్చి, జాబితాలో మొదటి చోటు ఈ గడియారానికే ఇచ్చింది. 2024 నవంబర్‌లో కోచింగ్ ప్రకటనల మీద విడిగా ఇంకో చిట్టా వచ్చింది. ఉద్యోగం గ్యారంటీ అని ఊదరగొట్టకూడదన్నారు. గ్యారంటీ అని రాసేంత అమాయకులు మన వ్యాపారుల్లో ఎవరున్నారు గనక? ‘వంద శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని రాసుకుంటారు. సాయం వంద శాతం వాళ్లు చేస్తారు, ఉద్యోగం ఎంత శాతం వస్తుందో నీ జాతకం చూసుకోవాలి.

ముందు ఉచిత వెబినార్. మూడు గంటలు. అందులో రెండున్నర గంటలు సారుగారి జీవిత చరిత్ర: ఊళ్లో రేకుల ఇల్లు, తెలుగు మీడియం, ఇంజినీరింగ్‌లో బ్యాక్‌లాగులు, తర్వాత ఒక రాత్రి జ్ఞానోదయం, ఇప్పుడు లక్షల ప్యాకేజీ. ఆ ప్యాకేజీ ఇచ్చే ఉద్యోగం మానేసి మరీ మనల్ని ఉద్ధరించడానికి ఎందుకొచ్చారని అడగకూడదు. మధ్యమధ్యలో ‘అర్థమైతే చాట్‌లో వన్ అని కొట్టండి, జీవితంలో పైకి రావాలనుంటే వన్ అని కొట్టండి’ అంటారు. తెర నిండా ఒకట్లు. అభ్యర్థి తన కెరీర్‌లో రాసే మొదటి బైనరీ కోడ్ అదే. సున్నాలు సారుగారి ఖాతాలో చేరతాయి.

499 అనేది గుమ్మం మాత్రమే. లోపలికి వెళ్లాక ‘జాబ్ రెడీ ప్రో ప్రోగ్రామ్’ ఉంటుంది, అది లక్ష దగ్గర. దానికి కెరీర్ కౌన్సెలర్ ఫోన్ చేస్తాడు. మన కుర్రాడితో ‘బ్రో’ అని మొదలుపెట్టి, డబ్బు మాట వచ్చేసరికి నాన్నకు ఫోనివ్వమంటాడు. నాన్న పొలంలో ఉంటాడు. ‘అంకుల్, మీ అబ్బాయిలో చాలా పొటెన్షియల్ ఉందంకుల్.’ ఇరవై ఏళ్లుగా ఆ అబ్బాయితో ఒకే ఇంట్లో ఉంటున్న నాన్నకు ఆ సంగతి కొత్త. సంతోషిస్తాడు. ఆధార్, పాన్ వాట్సాప్‌లో పంపుతాడు. ఓటీపీ చదివి వినిపిస్తాడు. నో కాస్ట్ ఈఎంఐ! అప్పు ఇచ్చేది ఒక ఫైనాన్స్ కంపెనీ, పాఠం చెప్పేది ఇంకో కంపెనీ. పాఠం నచ్చక కుర్రాడు రెండో వారంలో మానేసినా, నెలనెలా ఒక తారీఖున నాన్న ఖాతాలోంచి కోత మానదు. ఈ ఏర్పాటు మొత్తంలో హాజరు నూటికి నూరు శాతం ఉండేది ఆ ఒక్కదానికే.

కోర్సు పూర్తి చేసేవాళ్ల సంగతి వేరే. 2011లో స్టాన్‌ఫోర్డ్ నుంచి సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధ పాఠాన్ని ఆన్‌లైన్‌లో ఊరికే చెబుతామంటే లక్షా అరవై వేల మంది పేర్లిచ్చారు. ఆ ఊపులో థ్రన్, యాభై ఏళ్లలో ప్రపంచం మొత్తానికి పది విశ్వవిద్యాలయాలు మిగిలితే గొప్పన్నంత మాట అన్నాడు. రెండేళ్లు తిరిగేసరికి 2013లో, మా సరుకు నాసిరకమని తన నోటితోనే ఒప్పుకున్నాడు. ఎంఐటీ, హార్వర్డ్ కోర్సుల లెక్కలు తీసి 2019లో ‘సైన్స్’ పత్రికలో వేశారు: చేరినవాళ్లలో సగానికి పైగా అసలు పాఠం తెరిచి చూడలేదు. 2017–18లో ఆఖరిదాకా వెళ్లినవాళ్లు నూటికి ముగ్గురు. అక్కడ సరుకు అమ్మినవాడు నిజం ఒప్పుకున్నాడు. మన దగ్గర ఒప్పుకోరు, ధర మీద గీత కొడతారు.

సరే, మన కుర్రాడు చేరాడు. ఎస్సార్‌నగర్ హాస్టల్లో నలుగురు పడుకునే గదిలో మంచమే క్లాసురూమ్. మొదటి వీడియో స్వాగతం. రెండోది ఈ కోర్సు ఎందుకు గొప్పదో. మూడోది పైథాన్ ఎందుకు నేర్చుకోవాలో, దానికి డబ్బు కట్టి కూర్చున్నవాడికి. తర్వాత ఇన్‌స్టలేషన్. సారు దగ్గర మ్యాక్, వీడి దగ్గర నాలుగు జీబీ ర్యామ్ విండోస్ ల్యాప్‌టాప్, దాని ఫ్యాన్ మోతకు పక్క మంచం వాడు లేచి తిడతాడు. సారు ఒక మీట నొక్కితే అయిపోయింది. వీడికి పాత్ దొరకదు.

వీడియోలో సారు టైప్ చేస్తాడు, నడుస్తుంది. మళ్లీ టైప్ చేస్తాడు, మళ్లీ నడుస్తుంది. ఎర్రర్ వచ్చిన ముక్కలన్నీ ఎడిటింగ్‌లో కోసేస్తారు. మన సినిమాల్లో నలభై మందిని కొట్టిన హీరోకి చొక్కా నలగదు చూడండి, అచ్చం అంతే. చూసి చూసి కుర్రాడికి ఒక నమ్మకం ఏర్పడుతుంది: ప్రోగ్రామింగ్ అంటే తప్పు రాకుండా టైప్ చేయడం. వేగం రెట్టింపు చేసుకుని రాత్రికి ఆరు వీడియోలు చూసేస్తాడు. పచ్చగీత 34 శాతం దగ్గరికి వస్తుంది. పొట్ట నిండినట్టే ఉంటుంది.

అప్పుడొస్తుంది బోస్టన్.

మెషిన్ లెర్నింగ్ కోర్సు ఏది కొన్నా బోస్టన్ ఇళ్ల ధరలు అంచనా వేయడం చాలాకాలంపాటు తప్పనిసరి తంతు. ఎస్సార్‌నగర్లో మంచానికి అద్దె కట్టడానికి తడుముకునే కుర్రాడు అమెరికాలో మేడల ధరలు లెక్కేయాలి. 1978లో హారిసన్, రూబిన్‌ఫెల్డ్ అనే ఇద్దరు స్వచ్ఛమైన గాలికి జనం ఎంత ధర పెడతారో తేల్చడానికి వాడిన లెక్కలవి, మొత్తం 506 వరసలు. వాటిని తెచ్చుకోవడానికి పైథాన్ లైబ్రరీ సైకిట్‌లెర్న్‌లో ‘లోడ్_బోస్టన్’ అని కొడితే చాలు. సారు కొట్టాడు, వచ్చింది. వీడు కొట్టాడు, తెర నిండా ఎర్రర్.

ఆ ఎర్రర్‌లో ఏముందో తెలుసా? దాదాపు ఒక పేజీ ఉంటుంది. వెర్షన్ 1.2 నుంచి దీన్ని తీసేశామని మొదటి వాక్యంలోనే చెబుతుంది. ఎందుకు తీసేశారో చెబుతుంది: ఆ పట్టికలో ‘బీ’ అనే ఒక నిలువు వరస ఉంది, ఆ ప్రాంతంలో నల్లజాతివారు ఎందరున్నారన్న నిష్పత్తి నుంచి కట్టిన అంకె అది, జాతుల వారీగా జనం వేరువేరుగా బతికితే ఇళ్ల ధర పెరుగుతుందన్న ఊహ దాని వెనక ఉంది. కాబట్టి ఇలాంటి పక్షపాతం గురించి పాఠం చెప్పడానికి తప్ప దీన్ని వాడకండని బతిమాలుతుంది. అంతటితో ఊరుకోదు, బదులుగా కాలిఫోర్నియా ఇళ్ల లెక్కలు వాడుకో నాయనా అని, అందుకు కావలసిన కోడ్ కూడా రాసిపెడుతుంది. కోర్సు మొత్తంలో కుర్రాడితో మనిషి లెక్కన మాట్లాడిన గురువు అదొక్కటే. ఫీజు కూడా అడగలేదు.

దాని మీద ఆగి ఆలోచించడానికి మనవాడి కంటే అర్హుడు బోస్టన్లో కూడా ఉండడు. టు-లెట్ బోర్డు చూసి తలుపు తడితే, అద్దె చెప్పకముందే ‘మీరేమిట్లు బాబూ?’ అని ఆరా తీసే ఊళ్లలో గది వెతుక్కున్నవాడు. ఇంటి ధరలోకి కులం ఏ దారిన దూరుతుందో, ఆ అంకెను యంత్రానికి మేపితే యంత్రం ఏ బుద్ధి నేర్చుకుంటుందో, ఒక్క గంట కూర్చుని చెబితే జన్మలో మరిచిపోడు.

వాడేం చేశాడు? చదవలేదు. ఫోన్‌తో తెరను ఫొటో తీశాడు, స్క్రీన్‌షాట్ కూడా కాదు. సగం ఫ్యాన్ నీడ, సగం ఎర్రర్. ‘హౌ టు సాల్వ్ దిస్’ అని టెలిగ్రామ్ గ్రూపులో పెట్టాడు. ‘సేమ్ ఇష్యూ బ్రో’ అని ఒకడు, ‘మీ టూ’ అని ఇంకొకడు, తర్వాత వరసగా బొటనవేళ్లు. మెంటార్ రెండు రోజుల తర్వాత ప్రత్యక్షమై ‘కైండ్లీ రీస్టార్ట్ ద కెర్నల్’ అని సెలవిచ్చి అంతర్ధానమయ్యాడు. చివరికి ఒక మహానుభావుడు కిటుకు చెప్పాడు: కొత్త వెర్షన్ పీకేసి పాతది వేసుకోండి. వేసుకున్నారు. బోస్టన్ తిరిగొచ్చింది, ‘బీ’ వరస కూడా భద్రంగా వచ్చింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. 2022 డిసెంబర్‌లో మూసేసిన తలుపును పగలగొట్టి మరీ లోపలికెళ్లిన ఆ శ్రద్ధలో పదో వంతు ఆ పేజీ చదవడం మీద పెట్టి ఉంటే!

ఇందులో కుర్రాణ్ణి తిట్టి ఏం లాభం? ఎర్రర్ చదవడమనేది ఒక పని అని వాడికి చెప్పిన నాథుడు లేడు. ఎక్కడా అడ్డు తగలకుండా పచ్చగీతను నూరుదాకా జారనివ్వడమే ఆ కోర్సు కట్టినవాళ్ల లక్ష్యం. అడ్డు తగిలితే కుర్రాడు ఆగుతాడు, ఆగితే రిఫండ్ అడుగుతాడు. అందుకని క్విజ్‌లో తప్పు కొడితే ‘ట్రై ఎగైన్’ అంటుంది, నాలుగు జవాబులూ వరసగా నొక్కుకుంటూ పోతే నాలుగోసారికి ‘వావ్, అమేజింగ్!’ అంటుంది.

అమీర్‌పేట మైత్రీవనం రోజులకు నేనేం హారతి పట్టడం లేదు. మెట్ల మీద తొక్కిసలాట, జిరాక్స్ మెటీరియల్, అడిగితే దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు కూడా ఆ చుట్టుపక్కలే దొరికేవి. కాకపోతే అక్కడ మూడొందల మంది ముందు సారు రాసిన కోడ్ నడవకపోతే దాచుకునే వీలు లేదు. బుర్ర గోక్కునేవాడు. సెమికోలన్ కోసం తెర మీద వేలుపెట్టి వెతికేవాడు. వెనక బెంచీ నుంచి ఎవడో అరిచేవాడు. ఆ ఐదు నిమిషాలే పాఠం. ఇప్పుడు సరిగ్గా ఆ ఐదు నిమిషాలనే కత్తిరించి మిగతాది అమ్ముతున్నారు.

ప్రభుత్వం వారి సరుకు మేలు, నిజంగానే. 2003 నుంచి ఐఐటీ ఆచార్యులు ఎన్‌పీటెల్‌లో చెబుతున్న పాఠాలు ఊరికే చూడొచ్చు, పరీక్ష రాయాలంటేనే డబ్బు. అయినా మన కాలేజీల చేతికి చిక్కాక ఏదైనా మన దారికి రావలసిందే. క్రెడిట్లు వస్తాయని సెక్షన్ సెక్షన్‌నీ తోలుతారు. పన్నెండు వారాల కోర్సులో పన్నెండు అసైన్‌మెంట్లు, మంచి ఎనిమిదింటి సగటుకు 25 మార్కులు. గడువు ముందు రాత్రి జవాబులు టెలిగ్రామ్‌లో దిగుతాయి. క్లాసు మొత్తానికి ఒకటే జవాబు, తప్పయినా ఒకటే తప్పు. మిగతా 75 మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. అక్కడ కొందరు తప్పుతారు. నాకు ఈ మొత్తం ఆన్‌లైన్ విద్యలో గౌరవం కలిగేది ఆ తప్పినవాళ్ల జాబితా చూసినప్పుడే. ఒకడి ముఖం మీద ‘నీకింకా రాలేదు’ అని చెప్పే ధైర్యం ఎవరికో ఒకరికి ఉందన్నమాట.

ప్రైవేటు కోర్సులో ఆ పీడ లేదు. సర్టిఫికెట్ వస్తుంది, బంగారు అంచుతో. లింక్డిన్‌లో ‘థ్రిల్డ్ టు అనౌన్స్’ అని పడుతుంది. ఊళ్లో నాన్న దానికి లామినేషన్ చేయించి వేంకటేశ్వరస్వామి పక్కన పెడతాడు. ఇంకా ఎన్ని కంతులు మిగిలాయో ఆయన ఆ వెనక పెన్సిల్‌తో రాసుకుంటాడు.

రెజ్యూమెలో ప్రాజెక్టు ఉండాలి కదా, టైటానిక్. 1912లో మునిగిన ఓడలో ఎవరు బతికారో అంచనా వేయడం. 891 మంది ప్రయాణికుల పట్టిక కాగుల్‌లో దొరుకుతుంది, కోడ్ అందరిదీ ఒకటే. గచ్చిబౌలిలో ఇంటర్వ్యూలు చేసేవాళ్లు ఈ ఓడ ఎన్నిసార్లు మునగడం చూశారో పాపం. మనవాడి ఇంటర్వ్యూలో ఉన్నావిడ ఓపికగా అడిగింది: ‘క్యాబిన్ అనే వరసను ఎందుకు తీసేశావు బాబూ?’ 891లో 687 మందికి ఆ గడి ఖాళీ. అది చెప్పినా చాలు. ఖాళీగా ఉండటానికీ మునగటానికీ ఏదైనా సంబంధం ఉందా అని అడిగి ఉంటే ఆవిడ లేచి టీ తెప్పించేది.

‘వీడియోలో తీసేశారు మేడమ్.’

వారం తిరక్కుండా ఇంకో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మీరు సెలెక్టయ్యారు, అభినందనలు, ఉద్యోగం ఖాయం. అయితే చేరే ముందు మూడు నెలలు మా ఆన్‌లైన్ ట్రైనింగ్ పూర్తి చేయాలి, దానికి కొద్దిగా డిపాజిట్ కట్టాలి. నాన్న ఫోన్లో ‘ఎంతరా?’ అని అడిగాడు. కుర్రాడు అది తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేసి, ముందు వాళ్లకు తిరుగు మెయిల్ కొట్టాడు: ‘సర్, రికార్డింగ్స్ ఇస్తారా?’