ముందెవరు తినవలెను?

ఉరుములతో కూడిన తొలివానలు పడి మా పెరటి పచ్చికలో గొడుగులు లేచిననాటినుండి దమ్మపేటలో నన్ను కుశలమడిగినవాడు లేడు. వచ్చినవాడు వచ్చినట్లే నడవ దాటి పెరటిలోనికి పోయి, నడుముపై చేతులుంచుకొని, "శుభ్రంగా తినొచ్చండీ" అనియో, "అమ్మో, ముట్టుకోకండి" అనియో తీర్పు చెప్పి, కాఫీ పుచ్చుకొని పోవుచున్నాడు.

తీర్పులకు ఆధారములు లేకపోలేదు. వండునప్పుడు వెండిచెంచా వేసి చూడుమనియు, అది నల్లబడకున్న విషము లేనట్లేననియు పక్కింటి బాబాయిగారి మతము. వెండిని నల్లబరచునది గంధకమనియు, కోడిగ్రుడ్డు తిన్న చెంచాయు నల్లబడుననియు నేను విన్నవింపగా, "గుడ్డుకీ దీనికీ పోలికేంటోయ్!" అని కోపగించినారు. పురుగు కొట్టినదే మంచిదని మా బావమరిది సిద్ధాంతము. విషపు గొడుగులను నత్తలు సుఖముగా మేయునను సంగతి ఆయనకు రుచింపలేదు. మేనల్లుని ఫోను పైనుండి చూచి ఒక పేరును, ప్రక్కనుండి చూచి వేరొక పేరును చెప్పినది. ఇన్ని పరీక్షలెరిగిన మహనీయులలో ఒక్కడును "వండించండి, భోజనానికి వస్తాను" అనలేదు.

రోము చక్రవర్తి క్లాడియసునకు ఈ చిక్కు లేదు. ముందుగా రుచి చూచుటకు హాలోటసు అనువాడు ఆయన కొలువులో నుండెను. అయినను క్రీ.శ. 54లో ఆ చక్రవర్తి పుట్టగొడుగులు తిని గతించెననియు, కొడుకు నీరోకు సింహాసనము దక్కుటకై నాలుగవ భార్య అగ్రిప్పీనా వానిలో విషము కలిపించెననియు ప్రాచీన చరిత్రకారులు వ్రాసినారు. అది చాలదేమోయని, వాంతి చేయించు నెపమున వైద్యుడు విషము పూసిన ఈకను గొంతులో పెట్టెనట. ఇది టాసిటసు మాట. పోయిన చక్రవర్తిని దేవుడని ప్రకటించినారు గనుక, పుట్టగొడుగులు దేవతల ఆహారమని నీరో పరిహాసమాడెనట. ఈ వృత్తాంతమును మా ఇంటిదానికి సవిస్తరముగా వినిపించితిని. ఆమె అంతయు విని, "మన దగ్గిర సింహాసనం ఏముంది గనక?" అని మాత్రము అడిగినది. నాకు కలిగినది ధైర్యమో అవమానమో నేటికిని తేలలేదు.

అసలు హాలోటసు ఉద్యోగమే దండుగ. ప్రాణాంతకములైన అమనిటా గొడుగులు తిన్నవానికి 6 మొదలు 12 గంటలవరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, ఏ బాధయు నుండదు. పిదప వాంతులు, విరేచనములు. అవి తగ్గి, రోగి లేచి కూర్చుండి మజ్జిగన్నము అడుగు వేళకు లోపల కాలేయము చెడుచుండును. ఎంత ఉడికించినను ఆ విషము చావదు. కావున ముందు తిన్నవాడు త్రేన్చి "అద్భుతం" అన్నంతమాత్రమున వెనుక తినువానికి హామీ లేదు.

తుదకు ఒక గొడుగు తల త్రుంచి, అడుగు మడతలు క్రిందికి వచ్చునట్లు శుభలేఖ వెనుకవైపున బోర్లించి, గిన్నె మూసితిని. తెల్లవారి తీయగా తెల్లని కాగితముపై ఆకుపచ్చని పొడి సన్నని గీతలుగా, నడుమనుండి అంచునకు వరుస తప్పక రాలియున్నది. ఆకుపచ్చ రాల్చునది క్లోరోఫిల్లం మోలిబ్డైటిస్. సాధారణముగా ప్రాణము తీయదు గాని, తిన్న కొద్ది గంటలలో మనిషిని దొడ్డివైపు పరుగెత్తించును. బాబాయిగారు కాగితమును త్రిప్పి పెండ్లివారెవరో చదివి, "చెంచా అయితే నల్లబడలేదు" అన్నారు.

ఊరిలో గొడుగునెరిగినవారే లేరా యన్న, అడవినుండి టేకాకులలో పుట్టకొక్కులు కట్టి తెచ్చు కోయ అవ్వ యున్నది. ఆమెను పిలిచి మా పెరటి పంట చూపబోతిని. గుమ్మము దాటలేదు. "పుట్ట మీద మొలిసినయైతే చెప్తా. మీ పెరట్లోయి నాకేం తెలుసు సారూ?" అన్నది. తెలియదన్నది ఈ వ్యవహారమంతటిలో ఆమె యొక్కతెయే. ఆమె తెచ్చువాని కాడ వేరువలె భూమిలో చెదల గూటిదాక దిగియుండును. ఆ శిలీంధ్రమును చెదలు లోపల సాగుచేసి తినును. ఆ సేద్యము మనుష్యులకింకను పట్టుబడలేదు. ఆయిల్ పామ్ తోటలకై పుట్టలు చదును చేసినకొలది ఆమె పొట్లము చిన్నదగుచున్నది.

ఆ పొట్లములో విషము లేదనుటకు ఆమె కన్నుతప్ప వేరు పూచీ లేదు. ఆ కంటిని నమ్మి, పిల్లలకు సహితము వడ్డించి, రాత్రి నిశ్చింతగా నిద్రించుచున్నాము. వెల మాత్రము పొట్లమునకే కట్టుచున్నాము. మొన్నను మా ఇంటిది ఆమె చెప్పిన ధరలో పది రూపాయలు తగ్గించినది. నేను ప్రక్కన నిలుచుండి, కొసరు ఇంకొక గుప్పెడు వేయించుకొంటిని.