ముందే అనుకున్నాను: సటీకాతాత్పర్యము

ఉద్యోగవిరమణానంతరము నవలాపఠనమును నిత్యానుష్ఠానముగా స్వీకరించిన మా బావగారికి, రాత్రి భోజనమైన పిదప ముక్కుపొడుము డబ్బీని కుడిచేతికి అందునంత దూరమున నుంచుకొని చదువుటయు, చదివి ముగించిన పుస్తకము చివర నుండు ఖాళీపుటపై తమ అభిప్రాయమును పెన్సిలుతో లిఖించి, ఎరువిచ్చిన నాకు మరల నప్పగించుటయు పరిపాటి. ఇటీవల వారు నాయొద్ద గొనిపోయిన మూడు నవలలు తిరిగి వచ్చినవి. ఒకటి అగాథా క్రిస్టీ 1926లో ప్రకటించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’. రెండవది ఫ్రెడరిక్ ఫోర్సైత్ రచింపగా 1971లో వెలువడిన ‘ది డే ఆఫ్ ది జకాల్’. మూడవది అడివి బాపిరాజుగారి ‘గోన గన్నారెడ్డి’. ఒకటి అపరాధపరిశోధనము, ఒకటి ఉత్కంఠాప్రధానము, ఒకటి చారిత్రకము. మార్గములు భిన్నములైనను మూటి వెనుకను, అక్షరమైన మార్పు లేక, ఈ వాక్యత్రయమే కానవచ్చినది.

మూలము: ముందే అనుకున్నాను. అయినా రెండు దాటేదాకా దీపం ఆర్పలేదు. వర్ణనలు కొంచెం తగ్గించవచ్చు.

పింగళి సూరన రాఘవపాండవీయమున ఒక్క పద్యమునకు రామాయణార్థమును భారతార్థమును పొసగించి కృతకృత్యుడు కాగా, బావగారు వచనమున, అదియును పెన్సిలుతో, మూడు కథలకు సరిపోవు గ్రంథమును సాధించినారు. ఇట్టిది వ్యాఖ్యానము లేక పుస్తకముల వెనుక పడియుండుట తగదు. కాళిదాసకావ్యములకు సంజీవనిని రచించిన కోలాచల మల్లినాథసూరి మెదకుసీమవాడు. ఆధారము లేనిదియు, అక్కఱ లేనిదియు వ్రాయనని ఆయన పూనిన ప్రతిజ్ఞలో మొదటిసగమును నేనును పాటింతును. రెండవసగమును పాటించినచో ఈ వ్యాఖ్యయే పుట్టదు.

ముందే = హంతకుని పేరు గ్రంథకర్త్రి వెల్లడించుటకు పూర్వమే, అని వాచ్యార్థము; వెల్లడించిన మఱుక్షణమున, అని లక్ష్యార్థము; నన్ను మోసగించుట ఎవరి తరము, అని వ్యంగ్యార్థము. అనుకున్నాను = మనసున నిశ్చయించుకొంటిని. ఎవరిని, అను ఆకాంక్ష ఇచట తీరకున్నది. క్రియ సకర్మకమే యైనను కర్మ లోపించినది. కర్మ లేనివానిని శిక్షించుటకు ఏ ధర్మశాస్త్రమునకును అధికారము లేదు గనుక, ఈ లోపము దోషము కాదు, ఆత్మరక్షణమని గ్రహింపవలెను.

వాచ్యార్థమే యేల కాకూడదని శంకింతురేని, గ్రంథస్థమైన సాక్ష్యమును చూపుచున్నాను. ఆక్రాయిడ్ పుస్తకమున, హతునిచే పెంపబడిన రాల్ఫ్ పేటన్ అను యువకుని ప్రసంగము వచ్చినచోట, అంచున ‘వీడే’ అని పెన్సిలు గుర్తున్నది. కొన్ని పుటల తరువాత పార్కర్ అను ఇంటినౌకరు పేరు ప్రక్క ‘కాదు, వీడు’ అని యున్నది. పిదప కార్యదర్శిపై ఒక ప్రశ్నార్థకము, వేటగాడైన మేజరుపై రెండు. అటుపిమ్మట, పరిశోధకవృత్తిని విడిచి ఆ పల్లెలో కూరగాయలు పెంచుకొనుచున్న ఎర్క్యూల్ పొయిరోను గూర్చియే ‘ఇంతవాడు ఇక్కడ కాయలు పండించడమేమిటి?’ అని ఘాటైన యొక సంశయము. ఇందఱిని అనుకొన్నవారు ముందే అనుకొన్నవారు కాకపోవుట యెట్లు? అసలు దోషి పేరుకడ మాత్రము పుస్తకము మొదటినుండి తుదివఱకు ఒక్క గీతయైనను లేదు. ఆ దోషి యెవరో నేనిచట చెప్పను. కావ్యవ్యాఖ్యాతలు కథ యంతయు అవతారికలోనే విప్పి చెప్పుటకు జంకినవారు కారు గాని, వారి పాఠకులు రాముడు గెలుచునో లేదో తెలియక పుస్తకము కొన్నవారు కారు.

ఈ నవల వెలువడిన కాలమున ఇది పాఠకునికి చేసిన ద్రోహమని కొందఱు కోపింపగా, అందఱిని శంకించుటయే పాఠకుని పని యని డొరొతీ సేయర్స్ దీనిని సమర్థించినది. బావగారు ఆ పనిని ఒక్కరి విషయమున దక్క నిర్వర్తించిరి. 1929లో రోనాల్డ్ నాక్స్ అను క్రైస్తవపురోహితుడు అపరాధపరిశోధక కథలకు పది నియమములు విధించుచు, వాట్సను వంటి సహచరుని బుద్ధి సగటు పాఠకుని బుద్ధికంటె కొంచెమే, మిక్కిలి కొంచెమే, తక్కువగా నుండవలెనని శాసించినాడు. చదువరికి గర్వించుటకు కొంత తావు విడువవలెనని ఆ పురోహితుని కృప. అయితే నా అభిప్రాయమున ఆ తావు అంతకంటె లోతైనది. నాటకలక్షణములలో ముఖసంధియందు నాటిన బీజము నిర్వహణసంధియందు ఫలించునందురు. ఉత్తమమైన అపరాధనవలలో నిర్వహణము వచ్చిన క్షణమున బీజము వెనుకకు పోయి మన జ్ఞాపకములోనే మఱల నాటుకొనును. అదివఱకు చూచియు చూడని ప్రతి చిన్న మాటయు, అప్పుడే మనము గుర్తించినట్లు వేషము ధరించి ఎదుట నిలుచును. కావున బావగారు బొంకలేదు. నవల వారికి క్రొత్త గతమును కల్పించినది. ముందే అనుకొన్నానని పాఠకుని చేత నిజముగా అనిపించిన రచయిత ఓడినవాడు. అబద్ధముగా, కాని నిష్కాపట్యముతో, అనిపించినవాడే గెలిచినవాడు.

అత్ర పూర్వపక్షము. అమెరికా దేశపు విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ 1945లో, రోజర్ ఆక్రాయిడును ఎవరు చంపిన నెవరికి కావలెనని ప్రశ్నించుచు ఒక వ్యాసమునే వ్రాసి, ఈ పఠనమును పొగత్రాగుటకును పదబంధములు పూరించుటకును నడుమనుండు వ్యసనముగా నిర్ణయించినాడు. సిద్ధాంతము: బావగారికి కావలెను. పెన్సిలు అరిగినది.

ఇక జకాల్ విషయమున ‘ముందే’ అనుమాట పొల్లుపోక సత్యము. కాని అందు ప్రజ్ఞ యేమియు లేదు. ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్‌ను చంపుటకు ఒక పేరులేని ఆంగ్లేయుని అయిదులక్షల డాలర్లకు కుదుర్చుకొనుట ఆ కథ. డిగాల్ 1970 నవంబరులో స్వగృహమున సహజమరణము నొందినాడని లోకమెల్ల నెఱుగును. ఫోర్సైత్ ఆ నవలను వ్రాయునాటికి ఆయన సజీవుడే. అందుచేతనే, చావనివానిని చంపబోవు కథలో చదువుటకేమున్నదని కొందఱు ప్రకాశకులు దానిని త్రిప్పి పంపిరి. అభిమన్యుడు పద్మవ్యూహము వెడలి రాడని తెలిసియు తెల్లవాఱువఱకు వీథినాటకము చూచిన మన పెద్దలను వారెఱుగరు. ముద్రారాక్షసమున చాణక్యుడు ఓడునేమో యని యెవడును కంగారుపడడు. రాక్షసుని ఉంగరము చారుని చేతినుండి చాణక్యుని చేతికి వచ్చినప్పుడు మాత్రము ఊపిరి బిగబట్టనివాడు లేడు.

రెండు దాటేదాకా = అర్ధరాత్రి గడచి రెండుగంటలు కొట్టు పర్యంతము. దీపం ఆర్పలేదు = నిద్రింపలేదు. ఈ వాక్యమునకు జకాల్ ప్రతిలో, పెన్సిలుతోనే గాని వేఱు దస్తూరితో, ఒక పాఠాంతరము కలదు: ‘దీపం నేనే ఆర్పాను’ అని. లిపిని బట్టి ఇది మా అక్కయ్య హస్తము. పాఠములు రెండును గ్రాహ్యములే. ఆర్పనివారు బావగారు, ఆర్పినది అక్కయ్య. మూలమునకు భంగము లేదు, దాంపత్యమునకు మాత్రము ఆ రాత్రి కొంత కలిగియుండును.

బావగారు నిజముగా అంతవఱకు మేల్కొనిరనుటకు ముక్కుపొడుమే ప్రమాణము. షెర్లాక్ హోమ్స్ నూటనలుబది విధముల పొగాకు బూడిదను గూర్చి గ్రంథము రచించినవాడు. ముక్కుపొడుమును గూర్చి ఆయన యేమైన వ్రాసియున్నచో నాకు కొంత శ్రమ తప్పెడిది. బావగారు చదివిన పుటలలో మడతలయందు గోధుమవన్నె రేణువులు నిలిచియుండును. జకాల్ ప్రతిలో ఆ రేణువులు మొదటి రెండుభాగములందు సమృద్ధిగా నుండి, చివరకు పోవుకొలది క్షీణించి, తుది పుటలలో సంపూర్ణముగా మాయమైనవి. చదువుట మానిరా యనిన, అంచుల మడతలు చదివినట్లు సాక్ష్యమిచ్చుచున్నవి. చేయి డబ్బీకి పోవుట మఱచినదని తాత్పర్యము. రసగంగాధరమంతయు వెదకినను ఇంతకంటె స్పష్టమైన అనుభావము దొరకదు.

ఫలము రాదని తెలిసిన కథ అంతగా పట్టి యుంచుట యెట్లనగా: ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అను అవస్థాపంచకములో ఫోర్సైత్ యత్నమునందే కాపురముండినాడు. చనిపోయిన పసివాని జననపత్రముతో పాస్‌పోర్టు సంపాదించుట, తుపాకిని విడివిడి భాగములుగా చేయించుట, అడవిలో ఖర్బూజాపండును వ్రేలాడదీసి గుఱి సరిచూచుకొనుట, ఇవన్నియు కచ్చేరి చిట్టావలె నిర్వికారముగా చెప్పుకొనిపోవును. అట్లు చెప్పుటవలననే మనకు తెలియకుండ హంతకుని పక్షము వహించి, వాని పత్రములు సరిహద్దున పట్టుబడునేమో యని మనమే వణకుదుము. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణము ఇంత అధర్మముగ నెక్కడను పనిచేయలేదు. బావగారు జీవితకాలమంతయు ప్రభుత్వోద్యోగమున దొంగపత్రములను పట్టుకొన్నవారు. ఒక దొంగ పాస్‌పోర్టు చెల్లవలెనని రాత్రియెల్ల కోరుకొనిరి.

వర్ణనలు కొంచెం తగ్గించవచ్చు. కొంచెం = తాము దాటవేసినంత. ఇంగ్లీషు నవలలయందు ఈ వాక్యము మర్యాదకు చేర్పబడినదేగాని, దాని ప్రాణము గోన గన్నారెడ్డియందున్నది. అందు యుద్ధఘట్టముల పుటలన్నియు పొడుముతో నిండియుండగా, నగరవర్ణనలును అలంకారవర్ణనలును గల పుటలు అంగడినుండి వచ్చిననాటివలె నిర్మలముగా నున్నవి. బాపిరాజుగారు చిత్రకారులు, రాజకుమారి ధరించిన వస్త్రమును వారు చెప్పరు, రంగు కలిపి పూయుదురు. కథ ఎచ్చటనో ఆగినదని బావగారికి తోచిన చోటులందే నాకు ఓరుగల్లు కన్నులకు కట్టినది. ఈ విషయమున మూలకర్తతో వ్యాఖ్యాతకు భేదాభిప్రాయము కలదనుట తప్ప అధికము చెప్పుట బంధుత్వమునకు మంచిది కాదు.

అయినను చారిత్రకనవల చదివి ‘ముందే అనుకున్నాను’ అనుటలో ఒక ధూర్తత యున్నది. చరిత్ర ముందే జరిగిపోయినది గనుక ముందే తెలియునని వారి యూహ. రుద్రమదేవి అంత్యము చాలకాలము చరిత్రకారులకే సరిగా తెలియలేదు. 1289 నాటి చందుపట్ల శాసనము, ఆమెయు సేనాని మల్లికార్జుననాయకుడును మరణింపగా వారి పుణ్యమునకై చేసిన భూదానమును పేర్కొనుచున్నది. కాని యెట్లు మరణించిరో చెప్పదు. కాయస్థ అంబదేవునితో పోరున మరణించియుందురని పండితులు ఊహించుట, శాసనములను ఒకదానితో నొకటి పోల్చి, తేదీలను సరిచూచి, మౌనమునుండి సాక్ష్యము రాబట్టుటవలన. బాపిరాజుగారి కాలమునకు ఈ శాసనము వెలుగులోనికి రాలేదు.

ఇది విని బావగారు పొడుము డబ్బీ మూతపెట్టి, “అయితే అంబదేవుడే అని రుజువైందా?” అని అడిగిరి. రుజువు కాలేదు, అనుమానమే యంటిని. “అనుమానానికి ఆధారాలేవో చూడాలి” అని శాసనసంపుటమును చంకనిడుకొని వెడలిరి. వర్ణనలు లేని గ్రంథము. మొన్న తిరిగి వచ్చినది. ప్రతి పుటయందును పొడుము. చివర ఖాళీపుట లేకపోవుటచే వారి అభిప్రాయ మింకను తెలియరాలేదు.